జర్మనీ సౌనాకి మొదటిసారి వెళ్లేవాళ్లకు: బట్టలు ఎక్కడ విప్పాలి, ఎక్కడ తొడుక్కోవాలి

చదువుకనో ఉద్యోగానికనో జర్మనీ వచ్చిన మనవాళ్లను చలికాలం మొదలవగానే ఎవరో ఒకరు సౌనాకి, అంటే బాగా వేడెక్కించిన చెక్క గదిలో కూర్చుని చెమట పట్టించుకునే చోటికి, పిలుస్తారు. వీళ్లు ఈత నిక్కరు బ్యాగులో వేసుకుని బయల్దేరతారు. ఆ నిక్కరుతో సౌనా గదిలోకి వెళ్తే మాత్రం అక్కడున్నవాళ్లే మర్యాదగా విప్పమంటారు. తలుపు మీద ‘టెక్స్‌టిల్‌ఫ్రై’ అని ఉందంటే ఒంటిమీద దుస్తులేవీ ఉండకూడదని అర్థం. చాలాచోట్ల ఆడా మగా ఒకే గదిలో కూర్చుంటారు.

ముందు హద్దు తెలుసుకోండి. ఒకే భవనంలో ఈతకొలను ఒకవైపు, సౌనా ఒకవైపు ఉంటాయి. కొలనులో ఈత దుస్తులు తప్పనిసరి, సౌనాలో నిషేధం. బాడెన్-బాడెన్‌లో కరకల్లా థెర్మె అలాంటిదే: కింద కొలనుల్లో ఈత దుస్తులు, పైన సౌనాలో ఏమీ లేకుండా. అదే ఊళ్లో 1877లో తెరిచిన ఫ్రీడ్రిష్‌బాడ్‌లోనైతే స్నానమంతా బట్టల్లేకుండానే. సౌనా లోపలి క్యాంటీన్‌కి వెళ్లేటప్పుడు మళ్లీ బాత్‌రోబ్ వేసుకోవాలి. బట్టల్లేకుండా తినే బల్ల దగ్గర కూర్చుంటే అక్కడ అసభ్యతే.

సౌనాలో బట్టలు వద్దనే నియమం వెనక శుభ్రతకు సంబంధించిన కారణం ఉంది. కొలనులో తడిసిన గుడ్డలో క్లోరిన్ ఉంటుంది. 90 డిగ్రీల వేడిలో అది ఆవిరై అందరూ పీల్చే గాలిలో కలుస్తుంది. పైగా ఒంటికి అతుక్కున్న గుడ్డ చెమటను ఆరనివ్వదు. దానికి తోడు, ఒళ్లు ఎండకూ గాలికీ తగలాలని 19వ శతాబ్దం చివర్లో మొదలైన ఉద్యమం ఒకటుంది. దాన్ని ఎఫ్‌కాకా (FKK) అంటారు. తూర్పు జర్మనీ రోజుల్లో బాల్టిక్ సముద్రపు ఒడ్డున కుటుంబాలు పిల్లాపాపలతో అలాగే సెలవులు గడిపేవి. అందుకే అక్కడ ఒళ్లు కనబడటాన్ని ఎవరూ శృంగారానికి పిలుపుగా తీసుకోరు. మనవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

తీసుకెళ్లాల్సినవి నాలుగు: పెద్ద తువ్వాలు ఒకటి (పొడవు 180 సెంటీమీటర్ల దాకా ఉంటే మంచిది), ఒళ్లు తుడుచుకోవడానికి ఇంకొకటి, బాత్‌రోబ్, రబ్బరు చెప్పులు. ఫోను లాకర్లోనే ఉంచండి. ఫోను చేతిలో కనిపించినా ఊరుకోరు, ఫొటో తీస్తే బయటికి పంపేస్తారు, పోలీసుల దాకా కూడా వెళ్లొచ్చు.

ఆభరణాల విషయం మనవాళ్లకే ప్రత్యేకం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. వేడి గదిలో లోహం చాలా తొందరగా కాగుతుంది. మెడలో పుస్తెల గొలుసు, కాలి మెట్టెలు, వెండి మొలతాడు, ముక్కుపుడక, అన్నీ చర్మాన్ని చురుక్కుమనిపిస్తాయి, బొబ్బలెక్కిస్తాయి. వేడికి వేళ్లు ఉబ్బితే ఉంగరం రాదు. ఇంట్లోనే తీసి పెట్టి రండి. సౌనాలో కూర్చునే చెక్క బల్లలు మెట్లలా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ వేడి ఎక్కువ. పుస్తెలు తీయడం ఇష్టం లేనివాళ్లు కింది మెట్టు మీద, తక్కువ వేడి గదిలోనే కూర్చోవడం మేలు. తలకు కొబ్బరినూనె రాసుకుని ఉంటే షాంపూతో పూర్తిగా కడిగేయండి.

లోపలికి వెళ్లే ముందు సబ్బుతో షవర్ చేసి, ఒళ్లు పొడిగా తుడుచుకోండి. తడి ఒంటికి చెమట ఆలస్యంగా పడుతుంది. చెప్పులు గది బయటే వదిలేయాలి. మెల్లగా ‘హలో’ అని, తలుపు వెంటనే మూసేయండి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: పాదాల కింద దాకా వచ్చేలా తువ్వాలు పరుచుకోవాలి, చెక్క మీద చెమట చుక్క పడకూడదు. నగ్నంగా ఉన్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు గానీ, చెక్క తడిసిందా, తప్పకుండా చెబుతారు. ఆవిరి గదిలో పద్ధతి వేరు. అక్కడ పైపు నీళ్లతో కూర్చునే చోటు ముందూ తర్వాతా కడగాలి.

మొదటిసారి 80-90 డిగ్రీల గదిలో కింది లేదా మధ్య మెట్టు మీద 8 నుంచి 10 నిమిషాలు చాలు. పడుకుని ఉంటే చివరి రెండు నిమిషాలు లేచి కూర్చోండి. ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బయటి గాలికి కాసేపు నిలబడి, చల్లనీళ్లు పాదాల నుంచి పైకి పోసుకోండి. చెమట కడుక్కోకుండా చన్నీటి తొట్టిలోకి దిగకండి. తర్వాత 15-20 నిమిషాలు విశ్రాంతి. ఇలా రెండు మూడు విడతలు. భోంచేసిన వెంటనే వద్దు, మద్యం అసలు వద్దు. గుండెజబ్బు, బీపీ, గర్భం ఉంటే డాక్టరునడిగాకే.

‘ఔఫ్‌గుస్’ అంటే సుగంధ తైలం కలిపిన నీళ్లు పొయ్యి మీద కాగిన రాళ్ల మీద పోసి తువ్వాలుతో వేడిని విసరడం. తలుపు మూశాక లోపలికి రానివ్వరు. ఒంట్లో బాగోకపోతే మధ్యలో బయటికి వచ్చేయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

చూపు సంగతి: మాట్లాడేటప్పుడు ముఖం వైపే, లేదంటే నేల వైపో పొయ్యి వైపో చూడండి. ఎవరి ఒంటి గురించీ వ్యాఖ్య, మెచ్చుకోలైనా సరే, చేయకండి. తెలుగులో అంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు, నవ్వు ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది. మగవాళ్లలో కొందరికి ఒళ్లు స్పందిస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఆ వేడిలో చాలా అరుదు. అలా అయితే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి చల్లటి షవర్ కింద నిలబడితే సరి.

సిగ్గుగా ఉంటే చాలాచోట్ల తువ్వాలు చుట్టుకుని కూర్చోవచ్చు, చెక్కకు ఒళ్లు తగలకుండా చూసుకుంటే చాలు. ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన రోజును ‘డామెన్‌టాగ్’ అంటారు. మొదటిసారికి అదే తేలిక. సహోద్యోగులు పిలిచినా ఇష్టం లేకపోతే ‘నాకు అలవాటు లేదు’ అంటే సరిపోతుంది, సంజాయిషీ అక్కర్లేదు.

సౌనా బయట ఎఫ్‌కాకా బోర్డున్న చోట్ల కూడా ఇవే మర్యాదలు. మ్యూనిక్ నడిబొడ్డున ఇంగ్లిషర్ గార్టెన్ పార్కులో షోన్‌ఫెల్డ్‌వీసె అనే పచ్చిక మీద బట్టల్లేకుండా ఎండ కాచుకోవచ్చు. బోర్డు లేని వీధిలో అలా తిరిగి జనాన్ని ఇబ్బంది పెడితే జరిమానా పడొచ్చు. బీచ్‌లో ‘టెక్స్‌టిల్‌స్ట్రాండ్’ అని ఉంటే బట్టలు ఉండాలి. ఎఫ్‌కాకా వైపు వెళ్తే మీరూ విప్పండి. బట్టలతో అక్కడ నిలబడి చూస్తూ ఉండటాన్నే వాళ్లు సహించరు.