హైతీ బానిసల తిరుగుబాటు గురించి తికమక పడకుండా చదవడం ఎలా

హైతీ చరిత్ర చదవడం మొదలుపెట్టి సగంలో వదిలేసేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు, పేర్లన్నీ కొత్తవి, పైగా నిన్నటిదాకా స్పెయిన్ తరఫున పోరాడినాయన ఇవాళ ఫ్రాన్స్ జనరల్ అయిపోతాడు, ఇంకో ఎనిమిదేళ్ళకి అదే ఫ్రాన్స్ ఆయన్ని ఓడెక్కించి తీసుకెళ్ళి జైల్లో పెడుతుంది. నల్లవాళ్ళు వర్సెస్ తెల్లవాళ్ళు అని రెండు టీములు అనుకుని కూర్చుంటే ఇదేదీ అర్థం కాదు. కాబట్టి కొంచెం ప్లాన్‌గా చదవాలి.

ముందు మ్యాప్ ఓపెన్ చెయ్యండి. కరీబియన్‌లో క్యూబా పక్కన హిస్పానియోలా అనే ద్వీపం ఉంటుంది, అందులో పడమటి వైపు మూడో వంతు ఫ్రాన్స్‌ది, దాని పేరు సాన్ డొమాంగ్, ఇదే తర్వాత హైతీ అయింది. తూర్పు వైపు స్పెయిన్‌ది, శాంటో డొమింగో. ఈ రెండు పేర్లూ ఒకేలా ఉండి జనం బాగా కన్ఫ్యూజ్ అవుతారు కాబట్టి వేరు వేరు రంగులు వేసుకోండి. ఉత్తరాన కాప్ ఫ్రాంసే పోర్టు, దాని చుట్టూ చెరకు తోటల మైదానం, కొండల మీద కాఫీ, ఇంతవరకు గుర్తు పెట్టుకుంటే చాలు.

తర్వాత జనాభా లెక్క చూడండి. 1789 నాటికి బానిసలు దాదాపు 5 లక్షలు, తెల్లవాళ్ళు 30 నుంచి 40 వేలు, బానిసలు కాని నల్లవాళ్ళూ మిశ్రమ జాతివాళ్ళూ కలిపి ఇంచుమించు 30 వేలు. బానిసల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పుట్టినవాళ్ళే, ఎందుకంటే తోటల్లో పుట్టేవాళ్ళ కంటే చచ్చిపోయేవాళ్ళు ఎక్కువ, అందుకని ఏటా వేలమందిని ఓడల్లో తెస్తూనే ఉండేవాళ్ళు. వాళ్ళలో కాంగో యుద్ధాల్లో ఆయుధం పట్టి ఓడి అమ్ముడుపోయినవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే చదువురాని కూలీలు ఉన్నట్టుండి ఎలా యుద్ధం చేశారబ్బా అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆ మధ్యలో ఉన్న 30 వేలమందిని మాత్రం స్కిప్ చెయ్యొద్దు. వాళ్ళలో కొందరికి సొంత తోటలు, సొంత బానిసలు ఉన్నారు. 1790లో తిరగబడ్డ విన్సెంట్ ఓజే కూడా వాళ్ళలో ఒకడే, ఆయన అడిగింది తనలాంటి బానిసలు కానివాళ్ళకి తెల్లవాళ్ళతో సమాన హక్కులు, బానిసల విముక్తి కాదు. అయినా 1791 ఫిబ్రవరిలో ఆయన్ని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. అదే ఏడాది ఆగస్టు 22 రాత్రి ఉత్తర మైదానంలో తోటలు తగలబడ్డాయి, అది మాత్రం బానిసలు చేసింది.

ఇప్పుడు ఒక పేజీ మధ్యలో గీత గీసి ఎడమ వైపు పారిస్, కుడి వైపు ద్వీపం అని రాసుకోండి, ఇది చాలా పని చేస్తుంది. ఎడమ వైపు 1793 మొదట్లో విప్లవకారులు రాజు తల తీసేశారు, బ్రిటన్‌తోనూ స్పెయిన్‌తోనూ యుద్ధం వచ్చింది. కుడి వైపు చూస్తే తిరగబడ్డ బానిసలకి స్పెయిన్ తుపాకులిస్తోంది, ఫ్రాన్స్ పంపిన కమిషనర్ సొంతొనా దగ్గర సైనికులు చాలట్లేదు, దాంతో బానిసల్ని తన వైపు తిప్పుకోవడానికి ఆయన 1793 ఆగస్టు 29న ఉత్తర ప్రాంతంలో బానిసత్వం రద్దు అని ప్రకటించేశాడు. పారిస్ సభ రద్దు చేసింది 1794 ఫిబ్రవరి 4న. తేదీలు పక్కపక్కన పెడితే ఎవరు ఎవరి వెనక నడిచారో మీకే కనిపిస్తుంది, ఫ్రెంచ్ విప్లవం దయతలచి స్వేచ్ఛ ఇచ్చింది అనే మాట నాకైతే అస్సలు నచ్చదు.

పేర్లు చూసి భయం వేస్తే ప్రతి మలుపులో ఒకటే ప్రశ్న వేసుకోండి, ఈరోజు బానిసత్వం వద్దంటున్నది ఎవరు? తిరుగుబాటు నాయకుల్లో అందరికంటే పేరున్న టుస్సాఁ లువెర్చూర్‌కి ఇది బాగా సరిపోతుంది, మొదట్లో చెప్పిన ఆ పక్షాలు మారినాయన ఈయనే. ఆయన తిరుగుబాటుకి చాలా ముందే బానిసత్వం నుంచి బయటపడ్డ మనిషి, మొదట స్పెయిన్ తరఫున పోరాడాడు, 1794లో ఫ్రాన్స్ వైపు వచ్చేశాడు. స్పెయిన్, బ్రిటన్ ఇద్దరూ బానిసత్వాన్ని ఉంచేవాళ్ళే కదా. (సొంత లెక్కలు కూడా ఉండే ఉంటాయి, ఆయనేం సన్యాసి కాదు.)

ఇంకో ముఖ్యమైన సంగతి, విముక్తి, స్వాతంత్ర్యం రెండూ ఒకటి కాదు. 1801లో, అప్పటికి కాలనీని నడుపుతున్న టుస్సాఁ రాయించిన రాజ్యాంగం బానిసత్వం ఎప్పటికీ రద్దు అంటుంది, తనే జీవితాంతం గవర్నర్ అంటుంది, కానీ దేశం మాత్రం ఫ్రాన్స్‌దే అంటుంది. పైగా విముక్తి పొందినవాళ్ళు మళ్ళీ అవే తోటల్లో సైనికుల కాపలాలో పని చెయ్యాల్సి వచ్చింది, దాని మీద తిరుగుబాటు వస్తే సొంత మనిషిలా పెరిగిన జనరల్ మొయీజ్‌ని కాల్పించేశాడు. హీరో కథ కావాలనుకునేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తారు, మీరు తిప్పకండి.

1802 మీద మాత్రం ఎక్కువ టైమ్ పెట్టండి. నెపోలియన్ తన చెల్లెలి భర్త లెక్లెర్క్‌ని పెద్ద సైన్యంతో పంపాడు, కొన్ని నెలల యుద్ధం తర్వాత టుస్సాఁ కింద పనిచేసిన క్రిస్టఫ్, డెసలీన్ లాంటి జనరల్స్ ఫ్రాన్స్‌కి లొంగి దాని తరఫునే పనిచేశారు, జూన్‌లో టుస్సాఁని పట్టుకుని ఫ్రాన్స్‌కి పంపేశారు, 1803 ఏప్రిల్‌లో ఫోర్ డ్ జూ అనే కోటలో చలికి, జబ్బుకి పోయాడు. జనరల్స్ లొంగి ఉన్న ఆ 1802 నెలల్లో ఎవరు పోరాడారంటే కొండల్లో ఉన్న చిన్న చిన్న దండులు, సాన్ సూసీ లాంటి ఆఫ్రికా నుంచి వచ్చిన నాయకులు. ఇంతలో కరీబియన్‌లోనే ఉన్న ఇంకో ఫ్రెంచ్ ద్వీపం గ్వాడలూప్‌లో బానిసత్వం తిరిగి తెస్తున్నారన్న వార్త వచ్చింది, ఇక జనం ఆగలేదు, జనరల్స్ కూడా 1802 అక్టోబర్‌లో తిరుగుబాటు వైపు వచ్చేశారు. దోమలు అంటించే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఫ్రెంచ్ సైన్యాన్ని ఊడ్చేసింది, నవంబర్‌లో లెక్లెర్క్ కూడా దానికే పోయాడు, అయితే దోమలే గెలిపించాయి అని రాసేవాళ్ళని అంత నమ్మకండి, 1803 నవంబర్ 18న వెర్టియేర్ దగ్గర చివరి పెద్ద యుద్ధంలో ఫ్రెంచ్ కోటల మీదకి ఎక్కింది దోమలు కాదు. 1804 జనవరి 1న గొనాయీవ్‌లో డెసలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు.

ఎవరు రాశారో చూసి చదవండి. తిరుగుబాటుకి ముందు బ్వా కైమాఁ అడవిలో జరిగిందనే పూజ గురించి మొదటి వర్ణన కాలనీలో పనిచేసిన ఒక ఫ్రెంచ్ డాక్టర్ రాసింది, అది అచ్చయింది 1814లో. అక్కడ తిరుగుబాటు నాయకుడు బుక్‌మన్ ఇచ్చాడనే ప్రసంగం ఇంకా తర్వాత అచ్చెక్కింది. అంటే మొత్తం అబద్ధమని కాదు, అక్షరం అక్షరం కోట్ చెయ్యొద్దని. అలాగే 1804లో మిగిలిన ఫ్రెంచ్‌వాళ్ళలో ఎక్కువమందిని డెసలీన్ చంపించిన సంగతి దాచిపెట్టొద్దు, దానికి ముందు ఫ్రెంచ్ జనరల్ రోషాంబో మనుషుల్ని సముద్రంలో ముంచి, క్యూబా నుంచి తెప్పించిన వేటకుక్కల్ని వదిలిన సంగతీ దాచొద్దు.

1804 దగ్గర పుస్తకం మూసెయ్యకండి. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది, తోటల యజమానులకి నష్టపరిహారమట, అంటే ఆ నష్టంలో మనుషుల ఖరీదు కూడా ఉందన్నమాట. మొదటి వాయిదా 3 కోట్లు కట్టడానికి మళ్ళీ పారిస్‌లోనే 3 కోట్లు అప్పు తీసుకున్నారు, కమిషన్లు పోగా చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు. ఇవన్నీ ఆ పేజీలో కుడి వైపు రాసుకోండి, వాటి కింద అమెరికా హైతీని గుర్తించిన సంవత్సరం కూడా, 1862.