పండగ ముందు దవడ జాగ్రత్త: టక్కుమంటుందా అని చూసుకోవద్దు

పోయిన ఆదివారం మా చిన్నాన్న కొడుకు చెరుకు గడ పళ్లతో చీలుస్తుంటే దవడ జారింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది, మాట రాదు, చొంగ కారుతోంది, ఇంట్లోవాళ్లు హడలిపోయి తలో చెయ్యీ వేసి గడ్డాన్ని పైకి నొక్కారు. అలా నొక్కితే కూర్చోదు. ఎముక తన గూడు ముందున్న గట్టు దాటిపోయి ఉంటుంది కాబట్టి ముందు కిందికి దించి, ఆ తర్వాత వెనక్కి తొయ్యాలి. అదీ డాక్టరు పని, మీది కాదు. ఆస్పత్రిలో రెండు నిమిషాల్లో సరిచేసి పంపారు. సాయంత్రం ఫోన్ చేశాను. "బానే ఉందన్నా, ఇందాకటి నుంచి పదిసార్లు తెరిచి చూసుకున్నా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫిజియోథెరపీ చేస్తూ నేను చూసిన దవడల్లో ఎక్కువ పాడైంది ఈ ఒక్క అలవాటు వల్లే, తెరిచి చూసుకోవడం.

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరవండి, కదిలేదే ఆ కీలు. మధ్యలో చిన్న మెత్తటి పలక ఉంటుంది. అది ముందుకు జారి ఉంటే, నోరు తెరిచినప్పుడు ఎముక మళ్లీ దాని కిందికి దూరుతూ టక్కుమంటుంది. నొప్పి లేని టక్కుకి సాధారణంగా వైద్యమే అక్కర్లేదు. కానీ అద్దం ముందు నిలబడి, బస్సులో కూర్చుని, పడుకోబోయే ముందు ఇంకోసారి అని రోజుకి ముప్పైసార్లు టక్కుమనిపిస్తే ఆ పలకను పట్టి ఉంచే నారల్లాంటి కట్లు సాగిపోవచ్చు. ఒకరోజు పలక వెనక్కి రాకుండా అడ్డుపడిపోయి శబ్దం ఆగిపోతుంది. తగ్గిందని సంబరపడతారు. మర్నాడు ముద్ద పెట్టుకోబోతే నోట్లో మూడు వేళ్లు పట్టాల్సిన చోట రెండు కూడా కష్టంగా పడతాయి.

కసరత్తు చెయ్యాలంటే ఇలా చెయ్యండి: నాలుక కొనని పై పళ్ల వెనక అంగిలికి ఆనించి, అది ఊడిరానంత వరకే నోరు తెరవాలి. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో పద్ధతిలో ఇలాంటివి ఆరు ఉంటాయి, ఒక్కోటి 6 సార్లు, రోజుకి 6 విడతలు. మనవాళ్లు 6ని 60 చేస్తారు, త్వరగా తగ్గుతుందని. తగ్గదు.

ఇక పండగ సంగతి. సకినాలు, చెక్కలు విరిచి టీలో నానబెట్టి తినండి, అరిసె చేత్తో తుంచుకోండి. చెరుకు కత్తితో ముక్కలు చేయించుకోండి, కణుపులు పిల్లలకి కూడా ఇవ్వకండి. కనుమ నాటుకోడి బాగా ఉడికితేనే తినండి, బొమిక కొరికి మూలుగ పీల్చడం ఈ ఏడాదికి మానేయండి.

ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి, ఎదురుగా ఎవరున్నా సరే.

పెదాలు కలవాలి, పళ్లు కలవకూడదు. తినేటప్పుడు తప్ప రోజంతా ఇంతే.

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫోన్ చూడొద్దు.

చూయింగ్ గమ్ వద్దు. దవడ షేప్ కోసం అమ్మే రబ్బరు ఉండలు అసలే వద్దు.

కండరాలు బిగుసుకున్న నొప్పికి గోరువెచ్చని కాపడం, పదిహేను నిమిషాలు. జారి సరిచేసిన దవడకి మొదట్లో ఐస్, కొన్ని వారాలు పెద్దగా తెరవడం బంద్.

పన్ను పీకించుకోవడానికి వెళ్తే దవడ సంగతి ముందే చెప్పండి, మధ్యలో ఆపి నోరు మూయనివ్వమని అడగండి.

బిగుసుకున్న నోట్లోకి ఐస్‌క్రీం పుల్లలు దోపి తెరవకండి. ఎవరో వీడియోలో చేశారని అసలు చెయ్యకండి.

గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకి నోరు రోజురోజుకీ మూసుకుపోతూ కారం తగిలితే మండుతుంటే అది కీలు సమస్య కాదు, నోటి లోపలి పొర గట్టిపడటం. నా దగ్గరికి రాకముందే డెంటిస్టుకి చూపించండి.

తెరిచి చూసుకోకండి. ఇది చదువుతూ ఒకసారి చూసుకున్నారు కదా, అదే చివరిది.

దవడ లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే దవడ గురించి నాకు ఫోన్ చెయ్యకండి, 108కి చెయ్యండి.