గీజర్ నీళ్లు కాగట్లేదా, ఎంసీబీ పడిపోతోందా? వోల్టేజి, కరెంటు కొలిచి చూడండి

బెంగళూరులో చలి మొదలైతే మారతహళ్లి, బెళ్లందూరు వైపు మనవాళ్ల పీజీల్లో, అద్దె ఇళ్లలో ఇవే రెండు ఫిర్యాదులు: నీళ్లు కాగవు, లేదా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోతుంది. వచ్చిన ఎలక్ట్రీషియన్ పైపైన చూసి “కాయిల్ పోయింది సార్” అనేస్తే, డబ్బులు తీసేముందు రెండు కొలతలు తీయించండి. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. లెక్క పదో తరగతి ఫిజిక్సే: వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. బోర్డు విప్పి లైవ్‌లో కొలిచే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేసి, మీరు పక్కన నిలబడి అంకెలు రాసుకోండి.

సమస్య: గీజర్ ఎంతసేపు వేసినా గోరువెచ్చగానే

గీజర్ మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉందనుకుందాం. 2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు. 230 ÷ 8.7 = 26.4 ఓములు. కాయిల్ నైక్రోమ్ అనే మిశ్రలోహానిది, వేడెక్కినా దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు. మారేది వోల్టేజి. అది తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి పవర్‌కు రెండు వైపుల నుంచీ దెబ్బ. 190 వోల్టులే అందితే కరెంటు 7.2 ఆంపియర్లు, పవర్ 1365 వాట్లు. వోల్టేజి ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు పోయింది! 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి చేరడానికి 2000 వాట్లతో 21 నిమిషాలు చాలు. 1365తో అరగంట దాటుతుంది.

ఆ వోల్టులు ఎక్కడ పోతున్నాయో చూడాలంటే గీజర్ ఆన్‌లో ఉండగానే కొలవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆఫ్ చేసి కొలిస్తే ఎక్కడైనా 228 చూపిస్తుంది, ఎందుకంటే కరెంటు పారకపోతే లూజ్ కనెక్షన్ బయటపడదు. మెయిన్ బోర్డు దగ్గర 226, గీజర్ టెర్మినల్స్ దగ్గర 203 వచ్చిందనుకోండి. మధ్యలో 23 వోల్టులు మాయం. కరెంటు 7.7 ఆంపియర్లు. 23 ÷ 7.7 = సుమారు 3 ఓములు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానూపోనూ 30 మీటర్లున్నా దాని రెసిస్టెన్స్ పావు ఓముకు మించదు. కాబట్టి తప్పు తీగది కాదు, ఏదో జాయింట్‌ది: సాకెట్ లోపల వదులైన స్క్రూ, కాలిన ప్లగ్ పిన్ను, టేపు చుట్టి వదిలేసిన అతుకు. 23 × 7.7 = 177 వాట్లు, ఆ ఒక్క చోటే! ప్లగ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. కొత్త 16 ఆంపియర్ల సాకెట్ వేసి, తీగ కొస కాలినంత మేర కత్తిరించి బిగిస్తే సరి. కాయిల్ మారిస్తే ఏమీ మారదు.

మెయిన్ బోర్డు దగ్గరే 190 ఉంటే సరఫరాలోనే లోపం. పక్కింట్లో కూడా అంతేనా అని అడిగి, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ 1912కి ఫోన్ చేయండి. వోల్టేజి 228, కరెంటు 8.6 వస్తూ కూడా నీళ్లు కాగకపోతే కరెంటు వైపు తప్పేమీ లేదు, థర్మోస్టాట్, మిక్సర్ కుళాయి చూసుకోండి. బోరు నీళ్ల గార కాయిల్‌ను కాల్చేస్తుంది గానీ, కరెంటు సరిగా పారుతుంటే ఆ వేడి నీళ్లలోకే చేరుతుంది. వోల్టేజి ఉండి కరెంటు సున్నా అయితే, కటౌట్ (మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే స్విచ్) పడిందేమో చూశాక, అప్పుడు కాయిల్‌ను అనుమానించండి.

క్లాంప్‌తో ఒక్క తీగనే పట్టాలి. ఫేజ్, న్యూట్రల్ కలిపి పడితే సున్నానే చూపిస్తుంది.

సమస్య: ఎంసీబీ కాసేపాగి పడిపోతుంది

ఒకే 16 ఆంపియర్ల లైను మీద గీజర్ 2000, ఇండక్షన్ స్టవ్ 2000, కెటిల్ 1500. మొత్తం 5500 వాట్లు, అంటే 24 ఆంపియర్లు. మరి వెంటనే ఎందుకు పడదు? ఓవర్‌లోడ్‌కి లోపలి బైమెటల్ పట్టీ వేడెక్కి వంగాలి, దానికి టైం పడుతుంది. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 వరకు గంటసేపు నిలబడాలి, 23.2 దగ్గర గంటలోపు పడాలి. అందుకే గీజర్, స్టవ్ రెండే వేస్తే, 17.4 దగ్గర, గొడవుండదు. కెటిల్ పెట్టాక వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడండి, లేదా స్టవ్‌కి వేరే లైను లాగించండి. కొందరు ఓనర్లు చేసే పని, 16 తీసి 32 పెట్టడం, ఒప్పుకోకండి. అప్పుడు ఎంసీబీ పడదు, గోడలో తీగ కాలుతుంది.

స్విచ్ వేయగానే టప్పుమని పడితే అది షార్ట్. ప్లగ్ పీకేసి ఓముల్లో కొలవండి: 26 బదులు సున్నాకు దగ్గరగా వస్తే కాయిలో, లోపలి వైరింగో పోయినట్టే. ఎంసీబీ నిలబడి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆఫ్ అయ్యే స్విచ్) పడుతుంటే ఎర్త్ లీకేజి, అంటే కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. 30 మిల్లీ ఆంపియర్లది అయితే 230 ÷ 0.03 = 7667 ఓములు. కాయిల్‌కీ గీజర్ బాడీకీ మధ్య అంతకంటే తక్కువ వస్తే అది వాడకూడదు.

సమస్య: అమెరికా నుంచి తెచ్చిన కెటిల్ మాడిపోయింది

120 వోల్టుల దగ్గర 1000 వాట్లది అంటే 14.4 ఓములు. మన 230 పెడితే 16 ఆంపియర్లు, 3674 వాట్లు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ఖరీదుకి ఇక్కడే కొత్త కెటిల్ వస్తుంది.

సమస్య: మీటర్ చూపే ఓములతో లెక్క కలవట్లేదు

పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బును చల్లగా కొలిస్తే వెలుగుతున్నప్పటి 882 ఓముల్లో పదో వంతు కూడా చూపించదు. టంగ్‌స్టన్ వేడెక్కితే రెసిస్టెన్స్ అంతగా పెరుగుతుంది. ఫ్యానుకీ ఎల్‌ఈడీ బల్బుకీ అయితే ఓముల లెక్క వర్తించదు. వాటికి వోల్టేజి, కరెంటు గుణిస్తే వచ్చేది కూడా అసలు వాట్ల కంటే ఎక్కువే, పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా పనికొచ్చే వంతు) ఇంకోసారి గుణించాలి.