ఊరూరా పోర్ట్రెయిట్ – 5వ పాఠం: కొత్త ఇంట్లో వెలుగు

పోయిన పాఠంలో బొగ్గుతో కోడిగుడ్డు, రాచ్చిప్ప వేయించాను. నీడ అంచు ఎక్కడ మెత్తబడుతుందో ఈపాటికి చేతికి తెలిసే ఉంటుంది. ఇవాళ మనిషిని కూర్చోబెడదాం.

ఆర్డర్ మీద బొమ్మలు వేస్తూ తిరిగేవాళ్లకు సొంత గది ఉండదు. అమలాపురంలో మండువా లోగిలి కావచ్చు, మస్కట్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్ కావచ్చు, ఎవరు పిలిస్తే వాళ్ల ఇల్లే మన స్టూడియో. ఇది పాత దారే. రవివర్మ తమ్ముడు రాజరాజవర్మను వెంటబెట్టుకుని సంస్థానాలు తిరిగింది ఈ పని మీదే. జార్జ్ చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1802లో మద్రాసులో దిగాడు. తర్వాత బెంగాల్లో చాలా ఏళ్లు పనిచేసి, చివరికి మకావు చేరి, 1852లో అక్కడే కన్నుమూశాడు. ఏ ఊరు వెళ్లినా కొత్త వెలుగుతో మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

అందుకే గుమ్మం దాటగానే ముందు కిటికీలు చూడండి. వెలుగు ఒక్క వైపు నుంచే పడాలి. మస్కట్‌లో ఒక రాజోలు కుటుంబం ఇంట్లో కిటికీ వెలుగుతో పాటు పైన పసుపు లైటు కూడా వెలుగుతుంటే నేను పట్టించుకోలేదు. ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పసుపుగా వచ్చింది. రెండు రోజుల పని గీకేశాను. అప్పట్నుంచి ముందు అడిగి లైట్లు ఆర్పిస్తాను.

ఉత్తరపు కిటికీ మంచిదని పుస్తకాల్లో ఉంటుంది. చలిదేశాల్లో అది సరే. మన డెల్టాలో మాత్రం మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. పొద్దునా సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా గదిలోకి వస్తుంది. ఆ నెలల్లో మండువానే నమ్ముకోండి. మనిషిని మండువా కింద కూర్చోబెట్టకండి, కళ్లు గుంటలు పడ్డట్టు కనిపిస్తాయి. స్తంభం వెనక్కి రెండడుగులు జరిపితే వెలుగు ఏటవాలుగా వచ్చి ముక్కు పక్కన చక్కటి నీడ పడుతుంది.

వీధి అరుగు మీదైతే ఇంకో సంగతుంది. ఎదురుగా వరిచేను, పక్కన కొబ్బరిచెట్లు ఉంటే దవడ కింద నీడలో ఆకుపచ్చ తేలుతుంది. కొత్తవాళ్లు కన్ను చూసింది నమ్మక అక్కడ గోధుమరంగు పులిమేస్తారు. నాకు ఆ పచ్చదనం ఇష్టం, కొంచెం ఉంచుతాను. వద్దనుకుంటే ఆ వైపు తాడు కట్టి తెల్ల పంచె ఆరేయండి, పోతుంది.

ఇక కొలత. చెయ్యి బిర్రుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలవండి. నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో కళ్లు ఉంటాయని నేర్చుకున్నాం కదా. పెద్దవాళ్ల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ముమ్మిడివరంలో ఒక మామ్మగారిని వేస్తున్నప్పుడు మొదటి రోజు పోలిక చక్కగా కుదిరింది. రెండో రోజు ఎంత దిద్దినా కుదరదే! నాకు టెన్షన్ పట్టుకుంది. చివరికి మనవరాలు చూసి, "మామ్మా, పళ్లు పెట్టుకోలేదేంటి?" అంది. కట్టుడుపళ్లు తీసేస్తే ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గిపోతుంది, పెదాలు లోపలికి ముడుచుకుంటాయి. ఏ ముఖం వెయ్యాలో ఆవిడనే అడిగాను. పళ్లు లేకుండానే వెయ్యమన్నారు. ఇంట్లో అందరికీ తెలిసిన ముఖం అదేనట. కళ్లద్దాలు, ముక్కుపుడక, బొట్టు సైజు కూడా ఇలాగే మొదటి రోజే అడిగి రాసిపెట్టుకోండి.

ఈ వారం పని: మీ ఇంట్లో ఒక పెద్దాయన్నో పెద్దావిడనో పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం నాలుగుకూ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కోసారి ఇరవై నిమిషాల్లో బొగ్గుతో నీడలు మాత్రమే వెయ్యండి. కళ్లు, కనుబొమలు గీయొద్దు. రాజమండ్రికి దగ్గర్లో ఉన్నవాళ్లు దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి ఎంత పని చేశాడో చూడండి. ఒక్కో ముఖం ముందు నిలబడి వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో రాసుకోండి. ఆ కాగితం దాచిపెట్టుకోండి, ఆరో పాఠంలో ఒంటిరంగు కలిపేటప్పుడు కావాలి.