మీ కంపెనీని ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ కొంటే ఏం చూడాలి

లక్సెంబర్గ్‌లో ఫండ్ల కంప్లయన్స్ పని చేస్తాను. యూరప్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మా కంపెనీని ఎవరో ఫండ్ వాళ్లు కొన్నారు, మా సంగతేంటి?"

ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ అంటే పెట్టుబడిదారుల డబ్బు పోగుచేసి కంపెనీలను కొనే నిధి. ఫండ్ పేరు పక్కన పెట్టి, దాన్ని నడిపే మేనేజర్ (నిర్వహణ సంస్థ) ఎవరో కనుక్కోండి. 2011 నాటి యూరోపియన్ యూనియన్ చట్టం ఏఐఎఫ్ఎండీ (ఇలాంటి ఫండ్ల మేనేజర్లపై నిబంధనలు పెట్టే ఆదేశం), హెడ్జ్ ఫండ్లైనా ప్రైవేట్ ఈక్విటీ అయినా, పగ్గం వేసింది మేనేజర్‌కే. ఆ పేరు ఎస్మా (ఈయూ మార్కెట్ల నియంత్రణ సంస్థ) రిజిస్టర్‌లోనో, ఆ దేశపు రెగ్యులేటర్ సైట్‌లోనో (ఇక్కడ సీఎస్‌ఎస్‌ఎఫ్, జర్మనీలో బాఫిన్) దొరుకుతుంది. పూర్తి అనుమతి ఉందా, ఉత్త రిజిస్ట్రేషనేనా చూడండి. 100 మిలియన్ యూరోల లోపు నడిపేవాళ్లకు, అప్పు వాడకుండా ఐదేళ్లు డబ్బు వెనక్కివ్వని ఫండ్లయితే 500 మిలియన్ల లోపు వాళ్లకు, సాధారణంగా రిజిస్ట్రేషన్ చాలు. అలాంటి వాళ్లకు కింద చెప్పే నియమాలు మామూలుగా వర్తించవు. చిన్న, మధ్యతరహా కంపెనీలనూ చట్టం వీటి నుంచి మినహాయించింది.

స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీలో ఫండ్ ఓటింగ్ హక్కులు 50 శాతం దాటితే, అంటే కంపెనీ దాని అదుపులోకి వస్తే, మేనేజర్ పది పనిదినాల్లో కంపెనీకి, వాటాదారులకు, రెగ్యులేటర్‌కు చెప్పాలి. కంపెనీ భవిష్యత్తు గురించి, ఉద్యోగాలపై పడే ప్రభావం గురించి తన ఉద్దేశాలు కూడా తెలపాలి. అది ఉద్యోగుల ప్రతినిధులకు, వాళ్లు లేకపోతే నేరుగా ఉద్యోగులకు బోర్డు చేరవేసేలా మేనేజర్ శాయశక్తులా ప్రయత్నించాలి. మీకు రాకపోతే బోర్డును రాతపూర్వకంగా అడగండి. మొహమాటం వద్దు, అది మీకు అందాల్సిన సమాచారం.

అసలు టెన్షన్ పడాల్సింది కంపెనీ డబ్బు ఖాళీ చేయడం గురించి. అదుపులోకి తీసుకున్న తేదీ నుంచి 24 నెలలు, పంచడానికి వీలున్న లాభాలను మించి డివిడెండ్ ఇప్పించడానికి మేనేజర్ తోడ్పడకూడదు. మూలధనం, పంచకూడని రిజర్వులు తరిగేలా వాటాల బైబ్యాక్ (కంపెనీ తన వాటాలనే తిరిగి కొనడం) కూడా చేయించకూడదు. దాఖలు చేసిన వార్షిక లెక్కలు తెచ్చుకుని, నిరుటి లాభం, పాత మిగులు కలిపి, ఇచ్చిన డివిడెండ్‌తో పోల్చండి.

తర్వాత లెక్కల వెనకున్న నోట్స్‌లో గ్రూప్ కంపెనీల అప్పులు, వడ్డీ రేటు చూడండి. ఈ 24 నెలల నియమం ఆ అప్పులపై వడ్డీ రూపంలో పోయే డబ్బును ఆపదు. కొనుగోలుకు డబ్బు ఎలా సమకూరిందో మేనేజర్ చెప్పాల్సింది రెగ్యులేటర్‌కు, ఫండ్ పెట్టుబడిదారులకు మాత్రమే, ఉద్యోగులకు కాదు. ఇది చట్టంలో పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం.

తేడా కనిపిస్తే మేనేజర్‌కు అనుమతి ఇచ్చిన దేశపు రెగ్యులేటర్‌కు రాయండి. అదుపు మారిన తేదీ, డివిడెండ్ తీర్మానం, లెక్కల కాపీ జతచేయండి.