ఎక్సెల్ షీటు నుంచి యూనివర్సిటీ పోర్టల్‌లోకి ఇంటర్నల్ మార్కులు ఎక్కించే విధానం

ఇంటర్నల్ మార్కుల అప్‌లోడ్‌లో తప్పులు దొర్లేది చాలావరకు పోర్టల్ తెరవక ముందే, షీటు తయారయ్యే దశలోనే. పోర్టల్ తిప్పికొట్టిన ఫైలును అప్పటికప్పుడు సరిదిద్దుకోవచ్చు గానీ, ఒకరి మార్కులు మరొకరి నంబరు ఎదుట పడిన ఫైలును అది ఏ అభ్యంతరమూ చెప్పకుండా స్వీకరిస్తుంది. అందువల్ల ఎక్కువ సమయాన్ని షీటుకే కేటాయించాలి.

ముందుగా పోర్టల్‌లో లాగిన్ అయి, ఆ సెమిస్టరుకు, ఆ సబ్జెక్టుకు ఇచ్చిన టెంప్లేటునే దించుకోవాలి. నిరుటి టెంప్లేటును వాడకూడదు. అందులోని కాలమ్‌ల వరుసను, శీర్షికలను మార్చకూడదు. సెల్స్‌ను మెర్జ్ చేయకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది హాల్ టికెట్ నంబరును. జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలల్లో ఈ నంబరు అంకెలు, అక్షరాలు కలిసి 10 స్థానాలు ఉంటుంది. బీటెక్ రెగ్యులర్ విద్యార్థులకు ఆరో స్థానంలో ‘ఎ’ (A) అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది కనుక ఎక్సెల్ దానిని మామూలు పాఠంగానే చూస్తుంది. ఎంబీఏ విద్యార్థులకు అక్కడ ‘ఇ’ (E) ఉంటుంది. కళాశాల కోడ్ కూడా అంకెలే అయినప్పుడు చిక్కు వస్తుంది: ముందు 22001, నడుమ ‘ఇ’, చివర 0012 ఉన్న నంబరును టైపు చేస్తే, ఎక్సెల్ ఆ ‘ఇ’ని పక్కన ఎన్ని సున్నాలు చేర్చాలో చెప్పే గుర్తుగా తీసుకొని, దానిని 22001 పక్కన 12 సున్నాలున్న పెద్ద సంఖ్యగా భావించి మార్చివేస్తుంది. ఒకసారి మారిన తరువాత ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చినా అసలు నంబరు తిరిగి రాదు. కాబట్టి ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి, ఆ తరువాతే నంబర్లు ఎక్కించాలి. పక్క కాలమ్‌లో సెల్‌లో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కించే లెన్ (LEN) ఫంక్షన్ వేసి చూస్తే ప్రతి వరుసకూ 10 రావాలి; 11 వచ్చిందంటే సాధారణంగా నంబరు చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నట్టే. సరిచూసుకున్నాక ఆ అదనపు కాలమ్‌ను తొలగించాలి.

పోర్టల్ సి.ఎస్.వి. ఫైలు (విలువలను కామాలతో విడదీసి దాచే సాదా పాఠం ఫైలు) అడిగితే, దానిని సేవ్ చేశాక మళ్లీ ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవవద్దు. సి.ఎస్.వి.లో ఫార్మాట్ నిలవదు కనుక పాత చిక్కే తిరిగి వస్తుంది. సరిచూసుకోవడానికి నోట్‌ప్యాడ్ చాలు.

మార్కుల విషయంలో, లెక్చరర్ ఇచ్చిన షీటు వరుస, టెంప్లేటు వరుస ఒకటేనని నమ్మి కాలమ్‌ను కాపీ చేయడం చాలా ప్రమాదకరం. లాటరల్ ఎంట్రీ (డిప్లొమా తరువాత నేరుగా రెండో ఏడాదిలో చేరిన) విద్యార్థుల పేర్లు ఒక షీటులో చివర, మరొక దానిలో నడుమ ఉన్నా చాలు, అక్కడి నుంచి కిందివన్నీ ఒక్కో గడి జరిగిపోతాయి. ఒక షీటులోని నంబరును మరొక షీటులో వెతికి దాని ఎదుటి విలువను తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌తో హాల్ టికెట్ నంబరును బట్టి మార్కులు తెచ్చుకోవాలి. అందులో చివరి విలువ ఫాల్స్ అని తప్పక ఇవ్వాలి. లేకపోతే నంబరు దొరకని చోట దగ్గరలోని మరొకరి మార్కులు వచ్చి కూర్చునే అవకాశం ఉంది. తరువాత పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకొని ఫార్ములాలను తీసివేయాలి.

రెండు మిడ్ పరీక్షల్లో (సెమిస్టరు నడుమ జరిగేవి) 17, 18 వచ్చిన విద్యార్థి సగటు 17.5. దశాంశాలు దాచితే తెరపై 18 కనిపిస్తుంది గానీ సెల్ లోపల 17.5 అలాగే ఉంటుంది. నిబంధన పై అంకెకు సవరించమంటే రౌండ్ ఫంక్షన్‌తోనే సవరించాలి. గైర్హాజరైన విద్యార్థికి టెంప్లేటు సూచించిన సంకేతమే వేయాలి. పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం, అసలు రాయకపోవడం ఒకటి కావు.

అప్‌లోడ్ పూర్తయ్యాక ఫైనల్ సబ్మిట్ నొక్కకుండా, పోర్టల్‌లో నమోదైన జాబితాను దించుకొని ప్రింటు తీయాలి. ఒకరు, సంతకాలున్న అవార్డ్ లిస్టును (మార్కుల జాబితాను) చూసి నంబరును, మార్కులను పైకి చదువుతుంటే, మరొకరు ప్రింటులో టిక్ పెట్టాలి. అరవై మంది సెక్షనుకు ఇది ఎంతోసేపు పట్టదు. ఫైనల్ సబ్మిట్ తరువాత దిద్దుబాటు సాధారణంగా కళాశాల చేతిలో ఉండదు. ప్రిన్సిపాల్ లేఖతో పరీక్షల విభాగాన్ని ఆశ్రయించవలసి వస్తుంది, ఈలోగా ఆ విద్యార్థి ఫలితం తప్పుగానే వెలువడవచ్చు. టిక్ పెట్టిన ఆ ప్రింటు మీద ఇద్దరూ సంతకాలు చేసి, అప్‌లోడ్ చేసిన ఫైలుతో పాటు భద్రపరచాలి.