రెసిడెన్సీలో (కళాకారులు కొన్ని వారాలు వేరే చోట ఉండి పని చేసుకునే ఏర్పాటు) చేసిన పెద్ద కుండను పగలకుండా ఎగ్జిబిషన్ దాకా ఎలా తేవాలి?

జపాన్‌లో కుండల పనికి పేరున్న షిగరాకి లాంటి చోటికి ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్లేవాళ్లు ఐదు వారాలు చేసుకుంటూ కూర్చుని, ఆరో వారం కాలుద్దాంలే అనుకుంటారు. ఎగ్జిబిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆరబెట్టడానికీ కాల్చడానికీ పోగా, ఆరు వారాల్లో చెయ్యడానికి మిగిలేది రెండే.

సామాను గురించి బెంగ వద్దు. తీగ, చెక్క, స్పాంజి చాలు. దిగిన రోజే అక్కడి మట్టితో బిళ్ల చేసి, 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్పించండి. మట్టి ఎంత ముడుచుకుంటుందో గీతే చెబుతుంది. షిగరాకి మట్టిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలుకులుంటాయి, పెద్ద పనికి బాగా నిలబడుతుంది. మట్టిని తాళ్లలా చేసి, చుట్టలు చుట్టలుగా పేర్చే చెయ్యాలి. సారె మీద ముక్కలు తీసి అతికిస్తే త్వరగా అవుతుందంటారు. అతుకు దగ్గర చీలినప్పుడు వాళ్లే నన్ను పిలుస్తారు.

ఇక ఆరబెట్టడం. జూన్‌లో అక్కడ ముసురు. మన ఎండలో మూడు రోజులకు ఆరేది, అక్కడ రెండు వారాలైనా అడుగు చల్లగానే ఉంటుంది. ఫ్యాన్ పెట్టకండి. అంచు ముందే ఆరి ముడుచుకుంటుంది, అడుగు కదలదు, మధ్యలో చీలిక. అంచుకు ప్లాస్టిక్ కప్పి, కుండను న్యూస్‌పేపర్ పరిచిన చెక్కపట్టీల మీద నిలబెట్టండి. రంగు తెల్లబడిందని నమ్మకండి. అడుగు దగ్గర చెంప ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

నేనూ ఒకసారి టెన్షన్‌లో చెంప మాట వినలేదు. నడుమెత్తు కుండను సాయంత్రం బట్టీలో పెట్టి వేడి గబగబా పెంచాను. కాసేపటికి 'ఠప్' మంది. మర్నాడు తెరిస్తే పెంకులే. పక్క అరలో ఇంకొకావిడ గిన్నెలు కూడా పోయాయి. తడి ఆవిరై, బయటికి దారి లేక పేల్చేస్తుంది. అందుకే బట్టీ రంధ్రం తెరిచి, 80–90 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. పొద్దున రంధ్రం ముందు చిన్న అద్దం పట్టండి. మసకేస్తే ఇంకా ఆగాలి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ నిదానం.

గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత), రెండో కాల్పు స్టూడియోవాళ్లు చెప్పినట్టే చెయ్యండి. బట్టీ 100 లోపుకి దిగాకే తలుపు తియ్యండి, ఎవరు తొందరపెట్టినా సరే.

ఎగ్జిబిషన్‌లో పెద్ద కుండకు ఎత్తు పీట వద్దు, నేలకు దగ్గరగా పెట్టండి. అడుగున ఫెల్ట్ ముక్కలు అతికించండి, నేల మీద గీతలు పడితే గ్యాలరీవాళ్లు మిమ్మల్నే అడుగుతారు.